మొక్కల లెక్క సరే, బురద సంగతేమిటి?

సంపాదకులకు,

అయ్యా,

ఏటా జూలై 26న అంతర్జాతీయ మడ అడవుల దినోత్సవం వస్తుంది. ఆ వారమంతా మీ పత్రికతో సహా అన్ని పత్రికల్లోనూ మడ మొక్కలు నాటిన వార్తలు, మోకాటి లోతు బురదలో నిలబడి మొలకలు చేతపట్టుకున్న వారి ఫొటోలు కనిపిస్తాయి. ఎన్ని మొక్కలు నాటారో, ఎన్ని హెక్టార్లలో నాటారో ఆ వార్తల్లో తప్పకుండా ఉంటుంది. నాటిన చోట నేల ఎలాంటిదో, అందులో ఉప్పు ఎంత ఉందో, పోటు నీరు ఎక్కి ఎంతసేపు నిలుస్తుందో, అసలు అక్కడ మునుపు ఉన్న మడ ఎందుకు పోయిందో మాత్రం ఉండదు. నేల శాస్త్రం చదువుకున్నవాడిగా నాకు ఇది చిన్న లోపంగా కనిపించడం లేదు. మడ చెట్టు ఏపుగా పెరగాలా, గిడసబారి మిగలాలా, నిలువునా ఎండిపోవాలా అన్నది చాలావరకు దాని వేళ్ల చుట్టూ ఉన్న బురదలోనే తేలుతుంది కాబట్టి, ఆ బురద గురించి కొంత వివరంగా రాయడానికి అనుమతించగలరు.

ఆటు సమయంలో మడ అడవిలోకి దిగి ఒక పిడికెడు బురద తీసి చూస్తే, పైన కొన్ని మిల్లీమీటర్ల మందాన మాత్రమే అది గోధుమ రంగులో ఉంటుంది. ఆ పొర దాటగానే బూడిద రంగు, ఆ కింద నలుపు, దానితోపాటే కుళ్లిన కోడిగుడ్డు వాసన. గాలిలోకన్నా నీటిలో ఆక్సిజన్ దాదాపు పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. నీరు నిండిన మెత్తటి బురదలో పై పొరలోని సూక్ష్మజీవులే ఆ కాస్త ఆక్సిజన్‌నూ వాడేసుకుంటాయి. కింద ఉన్న సూక్ష్మజీవులు మొదట నైట్రేటును, తర్వాత మాంగనీసు, ఇనుము సమ్మేళనాలను, ఆపైన సముద్రపు నీటిలో పుష్కలంగా దొరికే సల్ఫేటును ఆశ్రయించి బతుకుతాయి. సల్ఫేటు వంతు వచ్చినప్పుడు పుట్టేదే హైడ్రోజన్ సల్ఫైడ్. ఆ వాసన దానిదే. అది వేళ్లకు విషం. నలుపు రంగు ఆ సల్ఫైడ్‌తో ఇనుము కలవడం వల్ల వస్తుంది. ఒక విధంగా ఇది మేలే, ఎందుకంటే ఇనుము సల్ఫైడ్‌ను పట్టి ఉంచినంతకాలం వేళ్లకు ముప్పు తగ్గుతుంది. ఇనుము తక్కువగా ఉండే సున్నపు నేలల్లో, పగడపు దీవుల మీద ఉన్న మడ అడవుల్లో ఈ రక్షణ బలహీనంగా ఉంటుంది.

ఇంత గాలి లేని నేలలో చెట్టు బతకడానికి కారణం అది తన గాలిని తానే కిందికి తెచ్చుకోవడం. తెల్లమడ, నల్లమడ చెట్ల చుట్టూ బురదలోంచి పైకి పొడుచుకు వచ్చిన ఊపిరి వేళ్లు, ఉప్పుపొన్న చెట్టుకు విల్లులా వంగి దిగిన ఊతవేళ్లు ఆ పని కోసమే ఉన్నాయి. వాటి బెరడు మీది సన్నని రంధ్రాల గుండా లోపలికి పోయిన గాలి, స్పంజిలాంటి కణజాలం వెంట భూమిలోని వేళ్ల దాకా చేరుతుంది. 1955లో స్కొలాండర్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఈ రంధ్రాలను గ్రీజుతో మూసివేసి చూసినప్పుడు భూమిలోని వేళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయింది. ఆ ప్రయోగంలో గ్రీజు చేసిన పనినే బయట చమురు తెట్టు చేస్తుంది, తవ్వి పోసిన మట్టి చేస్తుంది. ఒక్కసారిగా పది సెంటీమీటర్ల మట్టి మీద పడినా ఊపిరి వేళ్లున్న చెట్లు దెబ్బతిన్న సందర్భాలు ఉన్నాయి. ఒడ్డున కాలువ పూడిక తీసి, ఆ మట్టిని పక్కనున్న మడలోనే పోసే పద్ధతి చూసినప్పుడల్లా చెట్టును నరకడం నేరమైనప్పుడు దాని ఊపిరిని పూడ్చడం ఎందుకు నేరం కాదో నాకు అర్థం కాదు.

చెట్టుకు ఈ విషయంలో సాయపడే జీవి ఇంకొకటి ఉంది, పీత. పీత కలుగుల వల్ల గాలి, పోటు నీరు బురద లోపలికి వెళ్లగలుగుతాయి. కలుగు గోడను జాగ్రత్తగా చీల్చి చూస్తే నల్లటి బురద మధ్య తుప్పు రంగు అంచు కనిపిస్తుంది. అక్కడిదాకా ఆక్సిజన్ చేరిందనడానికి అదే గుర్తు. ఆస్ట్రేలియాలోని ఉత్తర క్వీన్స్‌లాండ్‌లో చేసి, 1991లో ప్రచురించిన ఒక ప్రయోగంలో కొన్ని మళ్లలోంచి పీతలను ఏడాదిపాటు తొలగిస్తూ వచ్చారు. ఆ మళ్లలో సల్ఫైడ్, అమ్మోనియం పెరిగాయి, చెట్ల ఎదుగుదల, కాపు తగ్గాయి. మడ అడవిలో పీతలు ఎలా ఉన్నాయో చూడటం నేల పరీక్షలో భాగమే అని నేను అనడానికి కారణం ఇదే.

ఇక ఉప్పు సంగతి. దీని గురించి ఎక్కువ అపోహ ఉంది. ఉప్పునీటిలో పెరిగే చెట్టు కదా, ఉప్పు ఎంత ఉంటే అంత మంచిదని చాలామంది అనుకుంటారు. నిజానికి చాలా రకాల మడ మొలకలు సముద్రపు నీటిలో నాలుగో వంతు నుంచి సగం దాకా ఉప్పదనం ఉన్నచోట బాగా పెరుగుతాయి. లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉండే సముద్రపు నీటిలో అవి బతుకుతాయి, కానీ ఆ బతుకుకు ఖర్చు ఎక్కువ. ఉప్పుపొన్న తన వేళ్ల దగ్గరే ఉప్పులో అత్యధిక భాగాన్ని ఆపేస్తుంది. తెల్లమడ కొంత ఉప్పును లోపలికి రానిచ్చి, ఆకుల మీది గ్రంథుల ద్వారా బయటకు నెడుతుంది. ఎండ కాసే రోజు దాని ఆకును వేలితో తడిమితే ఉప్పు రవ్వలు గరగరమని తగులుతాయి. వేళ్ల దగ్గర ఉప్పును ఆపి మంచినీటిని మాత్రమే పీల్చుకునే చెట్టు చుట్టూ ఏమవుతుందో ఆలోచించండి. ఆగిన ఉప్పంతా అక్కడి బురదలోనే పేరుకుంటుంది. అంటే చెట్టు తన చుట్టూ ఉన్న నేలను తానే రోజురోజుకూ మరింత ఉప్పగా మారుస్తూ ఉంటుంది. దాన్ని కడిగి తీసుకుపోవలసింది పోటు నీరు, వాన నీరు, నదీ ప్రవాహం. ఆ కడుగు ఆగిందంటే అడవికి గడువు మొదలైనట్టే.

కొలంబియాలోని సియెనగా గ్రాండె దె శాంతా మార్తా అనే విశాలమైన ఉప్పునీటి సరస్సు దీనికి ప్రపంచమంతా ఉదాహరణగా చెప్పుకునే చోటు. 1950లలో సముద్రానికీ సరస్సుకూ మధ్య రహదారి వేశారు. ఆ తర్వాత మగ్దలేనా నది వైపు నుంచి వచ్చే మంచినీటికీ కట్టలు, రోడ్లు అడ్డుపడ్డాయి. ఎవరూ గొడ్డలి పట్టకుండానే నేలలో ఉప్పు సముద్రపు నీటిని మించిపోయి, 1990ల నాటికి అక్కడి మడలో సగానికి పైగా చచ్చిపోయింది. 1990ల రెండో సగంలో పాత కాలువలను తిరిగి తెరిచి నది నీటిని లోపలికి వదిలాక, ఉప్పు తగ్గిన చోట్ల చెట్లు వాటంతటవే తిరిగి మొలిచాయి. నిర్వహణ కుంటుపడి కాలువలు పూడిన తర్వాత మళ్లీ ఇబ్బందులు తలెత్తిన మాట కూడా నిజమే. కల్వర్టు లేని ఒక్క రోడ్డు ఎంత అడవిని చంపగలదో అంచనా వేయడానికి ఇంతకన్నా వేరే సాక్ష్యం అక్కర్లేదు.

మన దగ్గర, తమిళనాడులోని పిచ్చావరంలోనూ ఉప్పే అసలు సమస్య అయింది, కానీ అక్కడ అది వచ్చిన దారి వేరు. గతంలో కలప కోసం అడవిని భాగాలుగా విభజించి పూర్తిగా నరికేవారు. నీడ పోయిన నేల ఎండకు ఎండి, కుంగి, మధ్యలో పల్లంగా తయారైంది. పెద్ద పోటుకు లోపలికి వచ్చిన నీరు ఆటు సమయంలో వెనక్కి పోలేక ఆ పల్లంలో నిలిచి, ఎండకు ఆవిరై, ఉప్పును అక్కడే వదిలింది. ఏళ్లు గడిచేసరికి ఆ నేలలో ఉప్పును తట్టుకునే చిన్న మొక్కలు తప్ప మడ మొలకలు నిలవలేని పరిస్థితి వచ్చింది. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, తమిళనాడు అటవీ శాఖ కలిసి 1990లలో చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వించి, నిలిచిన నీరు పోటుతో వచ్చి ఆటుతో పోయేలా చేసిన తర్వాతే అక్కడ నాటిన మొక్కలు పట్టుకున్నాయి. ఇదే పద్ధతిని కృష్ణా, గోదావరి డెల్టాల్లోనూ అనుసరించారు. అయితే ఈ కాలువల గురించి ఒక మాట చెప్పాలి. అవి ఒండ్రుతో పూడిపోతాయి. వాటిని తవ్వడానికి డబ్బు కేటాయించి, పూడిక తీయడానికి కేటాయించకపోతే కొన్నేళ్లకు కథ మొదటికొస్తుంది. ఏ పథకంలోనైనా ప్రారంభోత్సవానికి ఉన్న ఆకర్షణ పూడికతీతకు ఉండదు.

సుందర్‌బన్స్‌లో సుందరి చెట్లు పైకొమ్మల నుంచి కిందికి ఎండుకుంటూ రావడానికి ముఖ్య కారణాల్లో ఒకటిగా చాలామంది పరిశోధకులు నేలలో ఉప్పదనం పెరగడాన్నే చూపుతున్నారు. ఎగువ నుంచి వచ్చే మంచినీరు తగ్గడం దాని వెనక ఉంది. తెగులు, ఒండ్రు మేట వంటి ఇతర కారణాలనూ చెబుతారు కనుక ఉప్పు ఒక్కదాని మీదే నేరం మోపడం సరికాదు. కానీ బలహీనపడిన చెట్టు మీదే తెగులు విజృంభిస్తుందన్నది రైతులందరికీ తెలిసిన సంగతే.

నేల ఎత్తు గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఉప్పు, గాలి రెండూ దాని మీదే ఆధారపడతాయి. మడ చెట్లు సాధారణంగా సముద్రపు సగటు మట్టానికీ అమావాస్య, పౌర్ణమి రోజుల పెద్ద పోటు అందే ఎత్తుకీ మధ్యనే పెరుగుతాయి. అంతకన్నా పల్లంలో నాటితే మొలక ఎక్కువసేపు మునిగి ఉండి ఊపిరాడక చస్తుంది. మరీ మెరకలో నాటితే అరుదుగా తడిసే ఆ నేలలో ఉప్పు పేరుకుపోయి ఎండిపోతుంది. ఫిలిప్పీన్స్‌లో దశాబ్దాలపాటు పెద్ద మొత్తాలు ఖర్చుపెట్టి మడ నాటారు. ఆ ప్రయత్నాలను సమీక్షించి ప్రిమవేరా, ఎస్తెబాన్ అనే శాస్త్రవేత్తలు 2008లో ప్రచురించిన వ్యాసం ప్రకారం, బతికిన మొక్కలు చాలాచోట్ల 10 నుంచి 20 శాతమే. పూర్వం మడ పెరిగిన చోట్లు చాలావరకు చేపల చెరువులుగా మారిపోయాయి. ఎవరి హక్కులూ అడ్డురాని చోటు కాబట్టి పోటు రేఖ కిందున్న బురద మేటల మీద, సముద్రపు గడ్డి పెరిగే చోట ఉప్పుపొన్న జాతి మొలకలను గుచ్చుకుంటూ పోయారు. సులువుగా దొరికే నేలలో సులువుగా దొరికే మొలకను నాటడమన్నమాట. ఈ అలవాటు ఏ ఒక్క దేశానికో పరిమితం కాదు.

నేల ఎత్తు మారకపోయినా సముద్రమే తగ్గితే ఫలితం అంతే. ఆస్ట్రేలియాలోని కార్పెంటేరియా సింధుశాఖ తీరంలో 2015 చివరి నెలల్లో వెయ్యి కిలోమీటర్లకు పైగా పొడవున, 7 వేల హెక్టార్లకు పైగా మడ ఎండిపోయింది. ఎల్‌నినో ప్రభావంతో కొన్ని నెలలపాటు సముద్ర మట్టం తగ్గడం, దానికి తోడు వానలు లేకపోవడం, ఎండలు మండటం కలిసి, పోటు అందని నేలలో చెట్లు దాహంతో చచ్చాయి. చుట్టూ సముద్రం ఉండగా ఇలా జరగడం వింతగా తోచవచ్చు గానీ, చెట్టుకు కావలసింది సముద్రం ఎక్కడో ఉండటం కాదు, పోటు తన వేళ్ల దాకా రావడం.

పైన చెప్పిన సల్ఫైడ్ కథకు ఇంకో అధ్యాయం ఉంది, అది రొయ్యల చెరువులది. మడ బురదలో సల్ఫైడ్, ఇనుము కలిసి శతాబ్దాలపాటు పైరైట్ అనే ఖనిజంగా పేరుకుంటాయి. నీటి అడుగున గాలి తగలకుండా ఉన్నంతకాలం అది ఎవరి జోలికీ రాదు. చెరువు కోసం ఆ నేలను తవ్వి గట్టు పోసినప్పుడు, ఆ మట్టికి గాలి తగిలి పైరైట్ కాస్తా సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుతుంది. ఎండిన గట్టు పెళ్లను విరిస్తే గడ్డి రంగు పసుపు మచ్చలు, తుప్పు చారలు కనిపిస్తాయి. పీహెచ్ (ఇది ఎంత తగ్గితే నేల అంత పుల్లగా ఉన్నట్టు) 4 కన్నా కిందికి దిగిందనడానికి ఆ పసుపు నమ్మదగిన గుర్తు. తొలకరి వానకు ఆ ఆమ్లం, దానితో కరిగిన అల్యూమినియం, ఇనుము కలిసి చెరువులోకి, పక్క కాలువలోకి దిగినప్పుడు చేపలు, రొయ్యలు చావడం తెలిసిందే. కొన్నేళ్లకు ఆ చెరువు గిట్టుబాటు కాక వదిలేస్తే, అక్కడ మళ్లీ మడ పెంచుదామని వచ్చేవారికి చేతికందేది ఈ పుల్లటి నేల. దానిలో భాస్వరం కూడా ఇనుముకూ అల్యూమినియంకూ అతుక్కుపోయి మొక్కకు అందదు. అలాంటిచోట నేరుగా మొక్కలు నాటడంకన్నా ముందు గట్లను తగిన చోట్ల తెగ్గొట్టి పోటు నీటిని పదేపదే ఆడనివ్వడం మేలు. సముద్రపు నీటికి ఆమ్లాన్ని కొంత విరిచే గుణం ఉంది. నేల మళ్లీ తడిగా, గాలి తగలకుండా ఉంటే కొత్త ఆమ్లం పుట్టడం తగ్గుతుంది. దీనికి కాలం పడుతుంది, ఫొటోకు పనికిరాదు.

పోషకాల గురించి క్లుప్తంగా చెబుతాను. మధ్య అమెరికా దేశమైన బెలీజ్‌లోని ట్విన్ కేస్ దీవుల్లో మనిషి ఎత్తు కూడా లేని, దశాబ్దాల వయసున్న ఎర్రమడ చెట్లు దీవి లోపలి భాగంలో ఉన్నాయి. పరిశోధకులు వాటి వేళ్ల దగ్గర భాస్వరం వేసినప్పుడు అవి చురుగ్గా పెరిగాయి. అదే దీవి అంచున ఉన్న పొడుగు చెట్లకు కొరత నత్రజనిది. ఒకే దీవి, ఒకే జాతి, కొన్ని పదుల మీటర్ల తేడాలో నేల అవసరం మారిపోయింది. దీన్నిబట్టి మడకు ఎరువులు వేయాలన్న తీర్మానానికి ఎవరూ రాకూడదు. కేథరిన్ లవ్‌లాక్, ఆమె సహ పరిశోధకులు 2009లో వెల్లడించిన ఫలితాల్లో, పోషకాలు అదనంగా అందిన మడ చెట్లు ఉప్పు ఎక్కువగా, వాన తక్కువగా ఉన్నచోట్ల మామూలు చెట్లకన్నా ఎక్కువగా చచ్చిపోయాయి. యూరియా ఎక్కువైన వరి పచ్చగా, ఏపుగా ఎదిగి గాలివానకు పడిపోయినట్టే, ఇక్కడా పైభాగం పెరిగినంతగా వేళ్లు పెరగలేదు. పట్టణాల మురుగునీటిని మడలోకి వదిలి, చెట్లు పచ్చగా ఉన్నాయి కదా అని సరిపెట్టుకునేవారు ఈ సంగతి గమనించాలి.

చెట్టు మీద నేల ప్రభావం ఎంతో, నేల మీద చెట్టు ప్రభావమూ అంతే. సన్నని వేళ్లు పెరిగి, చచ్చి, గాలి లేక కుళ్లకుండా పోగుపడటం వల్లే చాలాచోట్ల మడ నేల పైకి లేస్తుంది. 1998 అక్టోబరులో మిచ్ తుపాను హోండురాస్ తీరంలోని గ్వనాహా దీవిలో మడను నేలమట్టం చేశాక, కొత్త వేళ్లు పుట్టని ఆ నేల ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు చొప్పున కుంగినట్టు కొలతల్లో తేలింది. కుంగిన నేలలో నీరు నిలుస్తుంది, నిలిచిన చోట మొలక పట్టదు. అందుకే దెబ్బతిన్న అడవిని ఏళ్ల తరబడి వదిలేస్తే పని మరింత కష్టమవుతుంది. ఇండో-పసిఫిక్ ప్రాంతంలోని 25 మడ అడవులను కొలిచిన బృందం 2011లో ప్రచురించిన అధ్యయనంలో హెక్టారుకు సగటున 1,023 టన్నుల కార్బన్ ఉన్నట్టు లెక్కగట్టింది. నదీ ముఖద్వారాల్లోనూ సముద్ర తీరం వెంటా ఉన్న ఆ అడవుల్లో 49 నుంచి 98 శాతం దాకా కార్బన్ దాగి ఉన్నది నేలలోనే. కార్బన్ క్రెడిట్ల పేరుతో చెట్లను లెక్కబెట్టేవారు ఈ అంకెను గుర్తుంచుకుంటే బాగుంటుంది.

ఇంత చెప్పిన తర్వాత, నాటడమే వద్దంటున్నానని ఎవరూ అనుకోవద్దు. విత్తనాలు కొట్టుకొచ్చే దారి లేనిచోట, సరైన జాతి చుట్టుపక్కల మిగలనిచోట నాటక తప్పదు. కానీ ఫ్లోరిడాలోని వెస్ట్ లేక్ దగ్గర మడ పునరుద్ధరణ నిపుణుడు రాబిన్ లూయిస్ చూపించినట్టు, పోసిన మట్టిని తీసేసి, నేలను పక్కనున్న అడవి ఎత్తుకు తెచ్చి, పోటు కాలువలు తవ్వితే మడ దానంతట అదే వస్తుంది. ఆయన అక్కడ మడ మొక్కలు నాటించలేదు. ఎక్కడైనా మొదట అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఇక్కడ మడ తనంతట తాను ఎందుకు మొలవడం లేదు? దానికి జవాబు దొరికేదాకా నర్సరీ సంచులు విప్పకుండా ఉండటం మంచిది.

జవాబు వెతకడానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ గొట్టాన్ని వేళ్ల లోతుకు దింపి, అందులో ఊరిన నీటిని చేతిలో పట్టే రిఫ్రాక్టోమీటరుతో చూస్తే ఉప్పు తెలుస్తుంది. కాలువలోని నీటిని కొలిచి బురదలోని ఉప్పు తెలిసిందనుకోవడం తరచుగా జరిగే పొరపాటు, రెండూ ఒకటి కావు. పీహెచ్‌ను తవ్వినవెంటనే ఒకసారి, అదే మట్టిని కొన్ని వారాలు తడి ఆరనీయకుండా గాలికి ఉంచి మరోసారి చూడాలి. బాగా పడిపోతే పైరైట్ ఉన్నట్టే. సమీపంలో ఆరోగ్యంగా ఉన్న మడ నేల ఎత్తుతో ఈ నేల ఎత్తును లెవెల్ యంత్రంతో పోల్చాలి. వేసవి చివర ఒకసారి, వానల తర్వాత ఒకసారి ఈ కొలతలు తీస్తే నేల రెండు ముఖాలూ తెలుస్తాయి.

మీ పత్రికకు నా విన్నపం చిన్నదే. ఇకముందు మడ మొక్కలు నాటిన వార్త వేసేటప్పుడు, మొక్కల సంఖ్య పక్కన ఆ నేలలోని ఉప్పు, పీహెచ్, నెలలో ఎన్ని రోజులు పోటు ఎక్కుతుందో కూడా నిర్వాహకులను అడిగి వేయండి. కొలవలేదని చెబితే కొలవలేదనే వేయండి. అదే చోటికి మూడేళ్ల తర్వాత మీ విలేకరిని మరోసారి పంపి, బతికినవెన్నో రాయించండి. ఆ రెండో వార్తకు మొదటి వార్తకు ఇచ్చినంత చోటు ఇవ్వగలిగితే, తర్వాతి పథకానికి అంచనాలు వేసే ఇంజినీర్లు మొక్కల పద్దుకన్నా ముందు కాలువల పద్దు రాయడం మొదలుపెడతారని నా నమ్మకం.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడు